కోళ్లు కలిసేదాకా

కాసిడీహ్‌లో చిన్నపిల్లల్ని పగటిపూట చూసుకునే ఒక బడివాళ్లు నన్ను పనికి రమ్మన్నారు. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వచ్చేయవచ్చు. పిల్లల ముక్కులు తుడవడం, టిఫిన్ డబ్బాలు తెరిచి తినిపించడం, నిద్రపుచ్చడం, ఏడ్చినవాణ్ని ఎత్తుకోవడం, అంతే పని. ఇవన్నీ ఇంట్లో జీతం లేకుండా చేసినవే. కొత్త నెల మొదలయ్యేలోగా చేరితే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని చెప్పారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ మాట మా అత్తతో చెప్పాను. అత్త పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కోళ్లకు నూకలు చల్లుతోంది. తల ఎత్తలేదు.

"ఎల్దువులే. ముందు ఈ కొత్త పెట్టలు పాతోటితో కలవనీ," అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ పూట చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్లాను. కోళ్లే కదా, నాలుగు రోజులు కొట్టుకుని అవే ఊరుకుంటాయి అనుకున్నాను. అప్పటికి కోళ్ల గురించి నాకు బాగా తెలిసింది కూర వండటం ఒక్కటే.

మాది ఈ హిందీ ఊళ్లో, ఉక్కు ప్లాంట్ దగ్గర బర్మామైన్స్ అనే పేటలో రెండు గదుల ఇల్లు. మామయ్య రైల్వేలో రిటైరయ్యాక కట్టించాడు. అందులో ఆయన ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. ముందు తలుపు తీస్తే సందు, ఎదురింటివాళ్లు టీలో చెంచా తిప్పినా మాకు వినిపిస్తుంది. వెనక తలుపు తీస్తే నాలుగడుగుల పెరడు, మూడు వైపులా పాత రేకుల గోడ. గోడ అవతల మురుక్కాలువ, ఆ అవతల రైలు పట్టాలు. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. శ్రీకాకుళం దగ్గర మా ఊరి నుంచి పెళ్లై వచ్చిన నాటి నుంచి ఈ రెండు తలుపుల మధ్యే తిరుగుతున్నాను. ఎప్పుడైనా సాక్చి బజారు, ఎవరి పెళ్లికైనా ఒక పూట, ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రి. పిల్ల కాలేజీకి వచ్చాక ఇక నన్ను ఇంట్లో కట్టేసేది ఏముందని ధైర్యం తెచ్చుకుని, నేనే వెళ్లి ఆ బడిలో అడిగి వచ్చాను. పిలుపు వచ్చేసరికి ఈ కోళ్లు అడ్డొచ్చాయి.

అత్తకు అప్పటికి ఐదు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటికి పెద్ద ఒక నల్లపెట్ట. పుంజు పేరుకే మగాడు. మేతకు ముందు నల్లపెట్ట రావాలి, గూట్లో మంచి చోటు దానిదే, దాని తరవాతే ఎవరైనా. ఇంట్లో మా ఆయన ఎంతో పెరట్లో ఆ పుంజు అంత. పిలుపు రావడానికి ముందు ఆదివారమే అత్త పక్కింటావిడతో హాట్ నుంచి, అంటే ఇక్కడి వారపు సంత నుంచి, రెండు కొత్త పెట్టలు తెప్పించింది. చిన్నవి, గోధుమరంగు ఈకలు, భయంతో కళ్లు గుండ్రంగా తిప్పుతున్నాయి.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టందే లోపలికి రాదు. గ్యాస్ పొయ్యికి పెట్టాం, మిక్సీకి పెట్టాం, కూతురు కొనుక్కున్న పాత స్కూటీకి పెట్టాం. మా ఆయనకు కొత్త హెల్మెట్ ఇచ్చినప్పుడు దానికీ పెట్టాను. ప్లాంట్ గేటు దగ్గర తోటివాళ్లు నవ్వితే జేబురుమాలుతో తుడుచుకున్నాడట. అలాంటి ఇంట్లో కోళ్లకు మాత్రం ఎందుకు పెట్టం! ఊరి నుంచి రైల్లో తెచ్చుకున్న రోలు పెరట్లో ఉంది. మళ్లీ పాత చోటు వెతుక్కుంటూ పారిపోకుండా కొత్త పెట్టల్ని ఆ రోలు చుట్టూ మూడుసార్లు తిప్పమంది అత్త. తిప్పాను. కాళ్లు కడిగి పసుపు రాయమంది. రాశాను.

"ఇప్పుడు బొట్టెట్టు. నాను ఎట్టకూడదు," అంది.

మామయ్య పోయినప్పటి నుంచి అత్త శుభమైన పని దేనికీ చెయ్యి పెట్టదు. పక్కన నిలబడి అన్నీ నా చేత చేయిస్తుంది. కుంకుమ తడిపి, రెండు పెట్టలకూ ముక్కు పైన, జుట్టు మొదట్లో గుండ్రంగా పెట్టాను. పెళ్లికూతుళ్లలా ఉన్నాయని అత్త మురిసిపోయింది. వదిలాను.

నల్లపెట్ట వచ్చింది. మెడ పక్కకు వాల్చి ఒక కన్నుతో చూసింది. చూసి చూసి సరిగ్గా బొట్టు మీద పొడిచింది. ఆ వెనకే మిగతావీ వచ్చిపడ్డాయి. కొత్తవి అరుచుకుంటూ రేకుల గోడకు కొట్టుకున్నాయి, కాలువ తూములో దూరబోయాయి. పుంజు కూడా అదే సందని నాలుగు పోట్లు పొడిచింది. చేతిలో ఉన్న కుంకుమ గిన్నె విసిరి, కాలితో తోసి, వాటిని విడదీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకదాని నుదుట కుంకుమేదో రక్తమేదో తెలియలేదు.

"కొత్త కదేటి, అలవాటైపోతాదిలే. నువ్వు మాత్రం కాస్త సూసుకుంటుండు. నా మోకాళ్లు వంగవు, విడదీయడానికి," అంది అత్త.

అలా నేను కాపలా కూర్చున్నాను. కొత్తవాటిని కోళ్లగంప కింద కమ్మేసి పైన ఇటుక పెట్టేదాన్ని. కాసేపు గాలి తగలనిద్దామని గంప ఎత్తితే మళ్లీ అదే యుద్ధం. పొద్దున్న వంట, గిన్నెలు, బట్టలు, మధ్యమధ్య పెరట్లోకి పరుగు. చేతిలో కర్ర, ఒళ్లో కూరగాయల పళ్లెం. సాక్చి వెళ్లి ఒక జాకెట్టు గుడ్డ తెచ్చుకుందామంటే లేదు. సందు చివరి కొట్టుకు వెళ్లినా, అల్లం ముక్క చేతిలో పడగానే పరిగెత్తుకు రావాల్సిందే. బడివాళ్లు ఫోన్ చేశారు. "దీదీ, వస్తున్నావా, లేదా?" అని హిందీలో అడిగింది ఆ బడి నడిపే ఆవిడ. వస్తాను, వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ గంప పక్కన కూర్చున్నాను. ఆ రేకుల గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉండేది. ఒక్కోసారి ఏడుపొచ్చేది, కోడిపెట్టల కోసం ఏడవడమేమిటని నవ్వూ వచ్చేది.

మా ఆయనతో చెప్పాను. ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, వారానికో షిఫ్టు. బూట్లు తొడుక్కుంటూ విన్నాడు.

"మీ ఇద్దరి మజ్జిన నన్నెందుకు లాగుతావే? డ్యూటీకి టైమైపోతంది," అని సైకిలెక్కి పోయాడు.

కూతురికి చెబితే అది ఫోన్‌లోంచి తల తిప్పకుండా, "ఛోడ్ దో నా మమ్మీ," అంది. వదిలేయమని చెప్పడం ఎంత సులువో! వదిలేస్తే వాటి ప్రాణం పోతుంది, ప్రాణం పోతే అత్త మళ్లీ కొత్తవి తెప్పిస్తుంది, నా పని మళ్లీ మొదటికొస్తుంది. కొత్త నెల దగ్గర పడుతోంది. నేను ఆ బడికి వెళ్లాలంటే ఈ పెట్టలు బతకాలి, ఆ నల్లదానితో కలిసి ఒక గూట్లో పడుకోవాలి. నాకు వేరే దారి కనిపించలేదు.

శుక్రవారం వచ్చింది. అత్త స్నానం చేసి వచ్చి, కొత్త పెట్టల మొహాలు బోసిగా ఉన్నాయని మళ్లీ బొట్టు పెట్టమంది. పెట్టాను. మళ్లీ రక్తం. ఈసారి రెండోదానికి జుట్టు సగం చీలింది. అత్త ఆ నల్లదాన్ని నానా తిట్లూ తిట్టింది. నేను మెట్టు మీద కూలబడ్డాను. ముందురోజు నా కూతురు సరదాకొద్దీ నా కాలి గోళ్లకు ఎర్రరంగు వేసింది. నల్లపెట్ట తీరిగ్గా నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చి, మెడ వాల్చి, ఒక కన్నుతో నా బొటనవేలిని చూసింది. చూసి టక్కున పొడిచింది. నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

వేలు నోట్లో పెట్టుకోలేను కదా, పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు వెలిగింది నాకు. అది కొత్తదాన్ని చూసి కొంత పొడుస్తోంది, ఎరుపు చూసి ఇంకా పొడుస్తోంది. ఆ ఎరుపు పెట్టింది ఎవరు? నేనే. పెట్టించింది అత్త.

"అత్తా, బొట్టు సూసే పొడుత్తన్నాది అది. ఇంక బొట్టు వద్దు," అన్నాను.

అత్త మొహం మాడిపోయింది. ఆవిడ చేతుల మీదుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతిదానికీ బొట్టు ఉంది. నాకూ గుమ్మంలో పెట్టి తీసుకొచ్చింది.

"బోడి మొహంతో ఈ ఇంట్లో నాను ఒక్కదాన్ని ఉన్నాను, సాలదేటి?" అంది.

 అంతకుముందు దాకా ఆవిడ మీద ఒంటికాలి మీద లేద్దామని ఉన్నదాన్ని, ఆ మాట విని మెల్లగా లేచాను. లోపలికి వెళ్లి కాటుక డబ్బా తెచ్చాను. పెట్టల గాయాలు కడిగి, పసుపు, వేపనూనె పట్టించి, పైన ఎరుపు కనిపించకుండా కాటుక మెత్తాను.

"ఇది దిట్టిసుక్క అత్తా. పిల్లలకెట్టవేటి, అలాగే," అన్నాను.

అత్త దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చూసింది. "ఇంకొంచెం పెద్దదెట్టు. ఆ నల్లదాని దిట్టి మామూల్ది కాదు," అంది.

ఆ రోజు నుంచి దారి దొరికింది. గంప కింద ఉన్నవాటి చుట్టూ పాతవి తిరిగి తిరిగి, పుల్లల సందుల్లోంచి చూసి చూసి విసుగెత్తాయి. రెండు చోట్ల విడివిడిగా మేత పెట్టాను. బట్టల తాడుకు క్యాబేజీ ఆకులు వేలాడదీస్తే అన్నీ వాటి కోసం ఎగరడంలో పడి కొట్టుకోవడం మరిచేవి. చీకటి పడుతున్న వేళ, గూట్లో పాతవి సర్దుకున్నాక, కొత్తవాటిని మెల్లగా వాటి పక్కన జారవిడిచేదాన్ని. కళ్లు కనిపించని వేళ కోడికి కోపం రాదని అప్పుడే తెలుసుకున్నాను. మనుషులకు కూడా అలాంటి వేళ ఒకటి ఉంటే బాగుండును.

ఆ రోజులన్నీ అత్త కుర్చీ గుమ్మంలోనే ఉంది. నేను పీట మీద కూర్చుని కాపలా కాస్తుంటే ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. పెళ్లై రైల్లో వస్తూ తెల్లారుజామున ప్లాంట్ మంటలు చూసి ఊరు తగలబడుతోందని ఏడ్చిన సంగతి. రైల్వే క్వార్టర్లో ఒడియా ఆడవాళ్ల దగ్గర పఖాళ, అదే వాళ్ల చద్దన్నం, నేర్చుకున్న సంగతి. చెప్పిందే చెప్పేది. నేను ఊఁ కొట్టేదాన్ని. నా చెవి ఫోన్ మీద, కన్ను నల్లపెట్ట మీద. సాయంత్రం అయ్యేసరికి మోకాళ్లు పట్టుకుని లేచి తనే టీ పెట్టుకొచ్చి నాకిచ్చేది. చేపలు వండిన రోజు పొట్టముక్క నా కంచంలోకి వచ్చేది. నా మీద కాపలాకు కూర్చుంది కాబోలు, లేదా కోళ్లకు కాపలా ఉన్నందుకు నాకు లంచమిస్తోంది కాబోలు అని లోపల్లోపల తిట్టుకున్నాను.

ఒక పొద్దున్న గూడు తలుపు తీస్తే అన్నీ కలిసి బయటికొచ్చాయి. కొత్తవి ముందులా గోడకు అంటుకోలేదు. మధ్యాహ్నం రోలు పక్కన మట్టిలో గుంట చేసుకుని, నల్లపెట్టకు జానెడు దూరంలో ఒకటి వెల్లకిలా దొర్లింది. నల్లది కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"అత్తా, కలిసిపోనాయి!"

అత్త వాటి వైపు చూసింది. "అవునే," అంది. అంతే. లోపలికి వెళ్లి పడుకుంది. నేను బడికి ఫోన్ చేసి సోమవారం వస్తున్నానని చెప్పాను. ఇస్త్రీ చీర ఒకటి తీసి కుర్చీ మీద వేసుకున్నాను. ఆ రెండు రోజులు కాలు నేల మీద ఆనలేదు.

ఆదివారం పొద్దున్న వంటలో ఉండగా అత్త కనిపించలేదు. నెలల తరబడి సందు దాటని మనిషి. పక్కింటికి వెళ్లి అడిగితే, వాళ్లావిడ ఆటోలో హాట్‌కు వెళ్తుంటే అత్త కూడా ఎక్కిందని చెప్పారు.  ఎండెక్కాక ఆటో దిగింది. ఒక చేయి పక్కింటావిడ భుజం మీద, ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి మూడు కోడిమెడలు బయటికి చూస్తున్నాయి.

నేను ఆవిడ చేతిలోంచి సంచి లాక్కున్నాను. పక్కింటావిడ ఉందని కూడా చూడలేదు.

"ఏటత్తా ఇది? రేపు నాను పనికెల్లాల! ఇవి కలిసేదాకా మళ్లీ కూకోమంటావేటి?"

"కూకో," అంది.

"ఇవీ కలిసిపోతాయి. అప్పుడో? ఇంకో మూడు తెత్తావేటి?"

పక్కింటావిడ మెల్లగా జారుకుంది. అత్త గుమ్మంలో కూలబడి మోకాళ్లు రుద్దుకుంది. నా మొహంలోకి చూడలేదు.

"కలవకూడదనే తెచ్చినాను," అంది. "మొదటియి ఊరికే తెప్పించినాను. అయి కొట్టుకున్నన్నాళ్లూ నువ్వు నా కాడ కూకున్నావు. బాగుండీది. నువ్వెల్లిపోతే నాతో మాటాడ్డానికి ఎవులున్నారే? ఆడు డ్యూటీకి పోతాడు. గుంట కాలేజీకి పోతాది, ఇంటికొచ్చినా నాను తెలుగులో అడిగితే అది హిందీలో సెప్తాది. ఈ సందులో నా మాట నీకు తప్ప ఎవులికీ తెలీదు."

సంచిలో కోళ్లు తన్నుకుంటున్నాయి.  ఆవిడ నాకు పని చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. వద్దని గట్టిగా అంటే దెబ్బలాడేదాన్ని. ఇలా అడిగితే ఎటు తిరగను? ఆవిడ మీద జాలి పడ్డాను, ఆ జాలి పడినందుకు నా మీద నాకే మండిపోయింది. పెరట్లోకి వెళ్లి కొత్తవాటిని గంప కింద కమ్మాను.

సోమవారం వెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకుని, గంప ఎత్తొద్దని చెప్పి, రెండింటికల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్లాను.  అక్కడ ఒక చంటిది ఉన్నంతసేపూ నా కొంగు పట్టుకునే తిరిగింది. నాకు చాలా సంతోషంగా ఉండింది, అది దాచుకోవడం ఎందుకు? రెండింటికి ఇంటికి వచ్చేసరికి అన్నం గిన్నె మూత తీయనే లేదు. అత్త గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉంది. నేను కాళ్లు కడుక్కోకముందే పొద్దుట్నుంచీ ఏ కోడి ఏం చేసిందో మొదలుపెట్టింది.

అప్పటి నుంచి అదే వరస. మూడూ కలిసిపోయాయి. ఆ తరవాత ఇంకో రెండు వచ్చాయి. అవి కలిశాక ఒక జత బాతుల్ని బేరమాడుతోందని పక్కింటావిడ చెప్పింది. ఇంత చిన్న పెరట్లో ఇన్ని కోళ్లేమిటని మా ఆయన నన్నే అడుగుతాడు. నేను ఆయన కంచంలో ఇంకో గుడ్డు వేస్తాను. మిగిలినవి సందులో పంచిపెడుతున్నాం.

బడిలో నాతో పనిచేసే ఆడవాళ్లు పని అయ్యాక మూలమీది బండి దగ్గర టీ తాగుతారు. పది నిమిషాలు నవ్వుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. రోజూ నన్ను పిలుస్తారు, రోజూ నేను తల అడ్డంగా ఊపి షేర్ ఆటో కోసం పరిగెత్తుతాను. మొన్న ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. నాకూ మొండితనం వచ్చింది. ఒక్కరోజు టీ తాగితే కొంప మునిగిపోతుందా అని బల్ల మీద కూర్చున్నాను. అల్లం టీ, మట్టి కప్పులో, పొగలు కక్కుతోంది. ఒక గుక్క తాగాను. ఫోన్ మోగింది.

"బేగి రాయే. కోళ్లు ఒకదాన్నొకటి సంపేసుకుంటన్నాయి. నా వల్ల కావట్లేదు," అంది అత్త.

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. దూరంగా రైలు బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది. ఆవిడ ఊపిరి వినిపించింది. కోళ్ల చప్పుడు మాత్రం ఒక్కటీ లేదు.

"వత్తన్నా అత్తా," అని కప్పు బల్ల మీద పెట్టి లేచాను.